పెరట్లో అర కిలో టమాటా: హెయిర్‌లూమ్ బీఫ్‌స్టీక్ రకాలను పండించే పద్ధతి

మా అత్తయ్యగారు కరీంనగర్ నుంచి మొదటిసారి న్యూజెర్సీ వచ్చింది ఒక మార్చి నెలలో. వంటింటి గట్టు మీద ఉన్న విత్తనాల ప్యాకెట్ తీసి చూసి, "బీఫ్ అని రాసిండ్రేంది బిడ్డా, ఇండ్ల ఏమన్న కలుపుతరా?" అని అడిగారు. ఏమీ కలపరు. మామూలు టమాటాను అడ్డంగా కోస్తే రెండు మూడు పెద్ద అరలు, వాటి నిండా గింజలు, జిగురు కనిపిస్తాయి. బీఫ్‌స్టీక్ రకంలో అరలు చాలా ఉంటాయి, కానీ బాగా చిన్నవి. మిగతా కాయంతా గుజ్జే. ఆ ముక్క మందంగా మాంసపు ముక్కలా కనిపిస్తుందని అమెరికా వాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు, అంతే. ఆగస్టులో తిరుగు ప్రయాణానికి ముందు ఆవిడకు ఒక ముక్క మీద ఉప్పు, మిరియాలపొడి చల్లి ఇచ్చాను. "గిది రామ్ములక్కాయ (టమాటా) వాసన. దుకాణంల దొరికేదానికి వాసనే లేదు" అన్నారు.

మార్చిలో ప్యాకెట్, ఆగస్టులో పండు. మీరు ముందుగా మనసులో పెట్టుకోవాల్సింది ఈ కాలమే. దుకాణంలో కొనే మామూలు హైబ్రిడ్ నారు నాటితే 60, 65 రోజుల్లో కాయ ఎర్రబడుతుంది. తరతరాలుగా గింజ దాచుకుంటూ వచ్చిన ఈ పెద్ద హెయిర్‌లూమ్ రకాలకు నాటిన తర్వాత 80 నుంచి 90 రోజులు పడుతుంది. హైబ్రిడ్లకు ఉండే రోగనిరోధక శక్తి వీటిలో చాలావాటికి లేదు. అంటే తెగుళ్లు వచ్చే కాలమంతా గడిచాక గానీ పండు చేతికి రాదు. కింద చెప్పే పనులన్నీ ఒకే ఒక్క దాని కోసం: ఆగస్టు దాకా మొక్క మీద పచ్చటి ఆకు నిలవాలి. ఆకు నిలిస్తే పండు దానంతట అదే వస్తుంది.

నేను చెప్పే తేదీలు మధ్య న్యూజెర్సీకి సరిపోతాయి. పెన్సిల్వేనియా, కనెటికట్, మేరీలాండ్ వైపు వాళ్లు ఒకటి రెండు వారాలు అటూ ఇటూ జరుపుకోండి. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు లెక్క వేరు. అక్కడ జూన్ ఎండలు ముదరకముందే కాయ పడాలి కాబట్టి మార్చిలోనే నాటేస్తారు.

ఏ రకం వేయాలి

హెయిర్‌లూమ్ అంటే ఒక కుటుంబమో, ఒక ఊరో తరతరాలుగా గింజ దాచుకుంటూ కాపాడిన రకం. హైబ్రిడ్ కాదు కాబట్టి గింజ దాచి వేస్తే మళ్లీ అదే కాయ వస్తుంది. మన పల్లెల్లో దోస, బీర, సొర గింజలు బూడిదలో కలిపి దాచేవాళ్లు చూడండి, అదే పద్ధతి.

మొదటిసారి వేసేవాళ్లకు నేను చెరొకీ పర్పుల్ చెబుతాను. 1990లో టెన్నెసీ రాష్ట్రం సెవియర్‌విల్ నుంచి జాన్ గ్రీన్ అనే ఆయన పాత టమాటా రకాలు సేకరించే క్రెయిగ్ లెహూలియర్‌కు పోస్టులో గింజలు పంపారు. చెరొకీ తెగవాళ్ల దగ్గర నుంచి నూరేళ్ల కిందట తమ పొరుగువాళ్లకు వచ్చిన గింజలివి అని ఉత్తరంలో రాశారు. పేరు లేని ఆ రకానికి లెహూలియర్ పెట్టిన పేరే ఇది. కాయ ముదురు గులాబీ రంగులో ఉండి, తొడిమ దగ్గర ఆకుపచ్చ భుజాలతో, లోపల మట్టి ఎరుపుగా ఉంటుంది. మిగతా పెద్ద రకాలతో పోలిస్తే కాస్త ముందు కాస్తుంది, కాపు కూడా మెరుగు.

రుచిలో పేరున్నది బ్రాండీవైన్. అందులోనూ సడ్డత్ అనే వంశం. కానీ ఇది పేచీకోరు మొక్క. ఎండ ఎక్కువైతే పూత రాల్చేస్తుంది, చల్లబడితే పిందె కట్టదు, కాపు తక్కువ. దీని ఒక్కదాన్నే నమ్ముకుని మొదటి ఏడాది మొదలుపెట్టొద్దు. చెరొకీ పర్పుల్ రెండు, బ్రాండీవైన్ ఒకటి వేసుకోండి.

నాలుగో మొక్కకు చోటుంటే మార్ట్‌గేజ్ లిఫ్టర్. వెస్ట్ వర్జీనియాలో లోగన్ అనే ఊళ్లో రేడియేటర్లు బాగుచేసే ఎం.సి. బైల్స్ అనే మెకానిక్ దీన్ని తయారుచేశాడు. 1940ల్లో నారు మొక్క ఒక్కోటి డాలరు చొప్పున అమ్మి, ఆరేళ్లలో 6,000 డాలర్ల ఇంటి అప్పు తీర్చాడు. అప్పు తీర్చిన టమాటా అనే ఆ పేరు అలా నిలిచిపోయింది. ఇంటి లోను కట్టే మనందరికీ ఆ పేరు వినగానే ఆ మొక్క మీద అభిమానం పుడుతుంది. కాయ గులాబీ రంగు, ఒక పౌను దాటడం మామూలే.

నలుగురున్న ఇంటికి నాలుగు మొక్కలు చాలు. పది వేసి ఊతం కట్టలేక, నీళ్లు పెట్టలేక వదిలేసేకంటే నాలుగు చక్కగా చూసుకోవడం నయం. గింజలు 1975లో మొదలై ఇప్పుడు అయోవాలో ఉన్న సీడ్ సేవర్స్ ఎక్స్చేంజ్ లాంటి చోట కొనండి. రకం పేరు నికరంగా ఉంటుంది. వారసత్వ రకాల కోసం పుట్టిన సంస్థే అది.

మట్టి, చోటు

రోజుకు కనీసం 6 గంటలు, వీలైతే 8 గంటల నేరుగా ఎండ పడే చోటు కావాలి. ఉదయపు ఎండ ముఖ్యం. రాత్రి మంచుకు తడిసిన ఆకు ఎంత త్వరగా ఆరితే తెగులు అంత తక్కువ.

పెరట్లో గానీ, పక్కింటి కంచె అవతల గానీ బ్లాక్ వాల్‌నట్ చెట్టు ఉందేమో చూడండి. దాని వేళ్ల నుంచి వచ్చే జుగ్లోన్ అనే పదార్థం టమాటాను నిలువునా ఎండబెట్టేస్తుంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా పెరళ్లలో ఈ చెట్టు చాలాచోట్ల కనిపిస్తుంది. ఉంటే నేలలో వేయకుండా దూరంగా పెద్ద కుండీల్లో వేసుకోండి. అలాగే కిందటి రెండు మూడేళ్లలో వంగ, మిరప, ఆలుగడ్డ, టమాటా వేసిన మడిలో మళ్లీ వేయకపోవడం మంచిది. అవన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లూ ఉమ్మడివే.

మట్టి పరీక్ష ఒక్కసారైనా చేయించండి. రట్గర్స్ విశ్వవిద్యాలయానికి మట్టి పరీక్షల ప్రయోగశాల ఉంది, ఇతర రాష్ట్రాల్లోనూ ఇలాంటి విశ్వవిద్యాలయ కేంద్రాలు ఉన్నాయి. మట్టి ఆమ్లత్వాన్ని చెప్పే పీహెచ్ 6.2 నుంచి 6.8 మధ్య ఉంటే సరిపోతుంది. తక్కువుంటే వాళ్లు చెప్పిన మోతాదులో సున్నం వేయండి. సున్నం పని చేయడానికి నెలలు పడుతుంది కాబట్టి ఈ పని శరదృతువులోనే పెట్టుకోండి. వసంతంలో రెండు మూడు అంగుళాల మందాన కంపోస్ట్ పరిచి పైపైన కలపండి.

ఎరువు దగ్గర ఒక జాగ్రత్త. ఒక ఏడాది గుర్రపుశాల నుంచి ఉచితంగా వచ్చిన పాత పేడ ఎరువు తెచ్చి మడి నిండా వేశాను. జూన్ కల్లా కొత్త ఆకులన్నీ మెలికలు తిరిగి, సన్నగా ఈనెల్లా వచ్చాయి. పన్నెండు వారాల కష్టం పోయింది. గుర్రాలు తిన్న గడ్డి మీద కలుపు మందు చల్లి ఉంటే, ఆ మందు పేగుల్లోనూ కంపోస్ట్ గుట్టలోనూ కరగకుండా మిగిలిపోతుంది. టమాటాకు చాలా కొద్ది మోతాదు తగిలినా చాలు. అప్పటి నుంచి ఏ ఎరువు తెచ్చినా ముందు పరీక్ష పెడుతున్నాను. ఒక చిన్న కుండీలో ఆ ఎరువు సగం, మామూలు మట్టి సగం కలిపి నాలుగు చిక్కుడు గింజలు వేయండి. రెండు మూడు వారాల్లో మూడో ఆకు కూడా చక్కగా విచ్చుకుంటే ఎరువు మంచిదే. ముడుచుకుంటే ఆ ఎరువు మడిలోకి రానివ్వొద్దు. లాన్ మీద కలుపు మందు చల్లించిన ఇళ్లలో, ఆ గడ్డిని కత్తిరించి టమాటా మొదట్లో పరచడం కూడా ఇంతే ప్రమాదం.

నారు పోయడం

ఉగాది పండక్కి అటూ ఇటూగా, అంటే మార్చి రెండో సగంలో గింజలు వేయండి. ఆరు నుంచి ఎనిమిది వారాల నారు నాటడానికి సరిగ్గా ఉంటుంది. ఫిబ్రవరిలోనే తొందరపడితే మే నాటికి కిటికీ దగ్గర పొడుగ్గా సాగిపోయి, కాండం బలహీనపడిన మొక్కలు మిగులుతాయి.

నారు కోసం అమ్మే తేలికపాటి మట్టి మిశ్రమం వాడండి, పెరటి మట్టి వద్దు. పావు అంగుళం లోతున వేసి, తడిపి, పైన ప్లాస్టిక్ మూత పెట్టండి. 75 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనం ఉంటే వారంలోపు మొలకలు వస్తాయి. మార్చిలో మన ఇళ్లు అంత వెచ్చగా ఉండవు, అందుకే నారు కింద పరిచే హీట్ మ్యాట్ కొనుక్కోవడం మంచి ఖర్చు. మొలక కనబడిన గంటలోనే అన్నట్టుగా మూత తీసి లైటు కిందకు మార్చండి. మామూలు ఎల్‌ఈడీ షాప్ లైటు చాలు. మొలకలకు రెండు మూడు అంగుళాల పైన వేలాడదీసి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించండి. ఒక్క కిటికీ వెలుతురు మీద ఆధారపడితే నారు సాగిపోతుంది.

మొలకతో వచ్చే రెండు ఆకులు కాకుండా, రెండు జతల అసలు ఆకులు వచ్చాక, అడుగున చిల్లులు పెట్టిన పెద్ద ప్లాస్టిక్ గ్లాసుల్లోకి మార్చండి. మార్చేటప్పుడు కాండాన్ని పట్టుకోవద్దు, ఆకు చివర పట్టుకోండి. ఒక ఆకు పోతే మరొకటి వస్తుంది, కాండం నలిగితే మొక్కే పోతుంది. మొదటి జత ఆకుల వరకు మట్టిలోకి దించి పెట్టండి. చిన్న ఫ్యాను రోజుకు గంటో రెండు గంటలో తిప్పితే కాండం గట్టిపడుతుంది. గ్లాసు మీద రకం పేరు రాయడం మరిచిపోవద్దు. ఈ వయసులో అన్నీ ఒకేలా ఉంటాయి. బ్రాండీవైన్ ఒక్కటే ఆలుగడ్డ ఆకులా అంచులు నున్నగా ఉండి గుర్తుపట్టేలా ఉంటుంది.

బయటకు తీసుకెళ్లడం, నాటడం

లైటు కింద పెరిగిన నారును నేరుగా ఎండలో పెడితే ఆకులు ఒక్క పూటలో తెల్లగా మాడిపోతాయి. వారం, పది రోజులు అలవాటు చేయాలి. మొదటి రోజు నీడలో ఒక గంట. రోజూ కాస్త పెంచుతూ, నాలుగో రోజు నుంచి ఉదయపు ఎండ చూపించండి. గాలి జోరుగా ఉన్న రోజు లోపలే ఉంచండి. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఇది కష్టమైన వారమే. నేను శుక్రవారం సాయంత్రం మొదలుపెడతాను, అప్పుడు మొదటి రెండు మూడు రోజులు దగ్గరుండి చూసుకోవడం కుదురుతుంది.

మా వైపు పాతవాళ్లు మదర్స్ డే దాటాకే నాటమంటారు. అది మే రెండో ఆదివారం. నేను ఆ తేదీ కంటే రాత్రి చలిని చూస్తాను. వరుసగా వారం రోజులు రాత్రి 50 డిగ్రీల కంటే కిందకు పోకుండా, మట్టి 60 డిగ్రీలకు చేరితే నాటవచ్చు. మంచు కురవకపోయినా సరే, చల్లటి మట్టిలో వేళ్లు పని చేయవు. ఆకుల అడుగు ఊదా రంగుకు తిరిగి మొక్క అక్కడే ఆగిపోతుంది. మే మొదట్లో నాటిన మొక్కను మే 20న నాటిన మొక్క జూన్ చివరికి దాటిపోవడం నేను చాలాసార్లు చూశాను.

మొక్కకు మొక్కకు మూడడుగుల దూరం తప్పనిసరి. నాటేటప్పుడు రెండు చేతులంత చిన్న నారుకు ఇంత ఎడం ఎందుకనిపిస్తుంది. జులైలో అది ఆరేడు అడుగులు లేస్తుంది, మధ్యలో గాలి ఆడాలి. పై రెండు మూడు ఆకులు తప్ప మిగతా కింది ఆకులు తుంచి, కాండాన్ని చాలావరకు మట్టిలోకి దించి నాటండి. మట్టి తగిలిన కాండం పొడవునా వేళ్లు వస్తాయి. నారు మరీ పొడుగైతే లోతుగా తవ్వకుండా, చిన్న కాలువలా తీసి కాండాన్ని పడుకోబెట్టి, కొస మాత్రం పైకి తిప్పండి. లోతు మట్టి చల్లగా ఉంటుంది కాబట్టి ఇది ఇంకా మంచి పద్ధతి. సాయంత్రం పూట నాటి, నిండా నీళ్లు పోయండి.

నాటిన రోజే ఊతం పెట్టేయండి. దుకాణాల్లో దొరికే గరాటు ఆకారపు సన్న తీగ గూళ్లు ఈ మొక్కకు ఆనవు. ఆగస్టులో కాయల బరువుకు మొక్కతో సహా ఒరిగిపోతాయి. కాంక్రీటులో వాడే ఇనుప వల, ఐదడుగుల ఎత్తుది, కొనండి. ఐదున్నర అడుగుల ముక్క కోసి చుడితే సుమారు 20 అంగుళాల వెడల్పున్న గుండ్రటి గూడు వస్తుంది. గళ్లు ఆరంగుళాలవి కావడంతో చెయ్యి పెట్టి పెద్ద కాయను కూడా బయటకు తీయవచ్చు. పక్కన ఒక ఇనుప గుంజ దిగ్గొట్టి దానికి గూడును కట్టండి. తుప్పు పడుతుంది గానీ ఏళ్ల తరబడి ఉంటుంది. కాయల గుత్తి బరువుకు కొమ్మ మడత పడకుండా పాత కాటన్ చీర పేలికలతో వదులుగా కట్టండి, ప్లాస్టిక్ తాడు కాండాన్ని కోస్తుంది.

ఇక కంచె. జింకలు తిరిగే చోట కంచె లేకుండా టమాటా వేయడం వృథా.

నీళ్లు

నన్ను అడిగితే సగం పంట ఇక్కడే తేలిపోతుంది. వారానికి ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళాల నీరు కావాలి. మూడడుగుల ఎడంతో నాటిన ఒక్కో మొక్కకు అది దాదాపు ఐదున్నర నుంచి ఎనిమిది గ్యాలన్లు. దాన్ని వారంలో రెండు మూడు సార్లుగా, నెమ్మదిగా, లోతుగా దిగేలా మొక్క మొదట్లోనే పోయండి. రోజూ పైపైన పైపు తిప్పడం వల్ల వేళ్లు పైనే ఉండిపోతాయి. ఆకుల మీద నీళ్లు పడనివ్వొద్దు.

జూన్ మొదటి వారాల్లో మట్టి వెచ్చబడ్డాక మొక్క మొదట్లో మూడు నాలుగు అంగుళాల ఎండుగడ్డి లేదా పొడి ఆకులు పరచండి. తడి నిలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, వాన చినుకు మట్టికి తగిలి ఆకుల మీదకు ఎగరదు. తెగులు బీజాలు ఎక్కేది ఆ చినుకుల మీదే.

పిందె అడుగున నల్లగా, తోలులా కుళ్లితే చాలామంది గుడ్ల పెంకులు, ఎప్సమ్ సాల్ట్ వేయమంటారు. అది కాల్షియం అందక వచ్చే సమస్య నిజమే, కానీ చాలా పెరళ్లలో కాల్షియం మట్టిలో ఉంటుంది. అది నీటితో పాటే కాయలోకి వెళ్తుంది. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచేస్తే ఆ సరఫరా తెగుతుంది. గుడ్డు పెంకు కరగడానికి ఏళ్లు పడుతుంది. ఎప్సమ్ సాల్ట్‌లో ఉండేది మెగ్నీషియం, అది ఎక్కువైతే కాల్షియం అందడం ఇంకా తగ్గుతుంది. నీళ్లు క్రమంగా పెట్టండి, ఆ కాయలు తీసేయండి, తర్వాతి గుత్తులు బాగుంటాయి. కాయలు పగలడానికీ మూలం అదే. ఎండలో బెట్టపడిన మొక్కకు ఒక్కసారిగా వాన పడితే లోపలి గుజ్జు ఉబ్బి తొక్క చీలుతుంది.

జులైలో బడి సెలవులకు ఇండియా వెళ్లే కుటుంబాలకు ఇదే పెద్ద టెన్షన్. నాలుగు మొక్కలకు సరిపోయే డ్రిప్ గొట్టం, బ్యాటరీతో నడిచే టైమరు పెద్ద ఖరీదు కాదు. బయలుదేరే రోజున కాకుండా కనీసం రెండు వారాల ముందే బిగించి, మట్టిలో వేలు పెట్టి తడి ఎంత లోతుకు దిగుతోందో చూసుకోండి. పండు మొదలయ్యే సమయానికి మీరు లేకపోతే పక్కింటివాళ్లకు కోసుకోమని చెప్పండి.

పిలకలు, ఆకులు, తెగుళ్లు

ఆకు కాండాన్ని కలిసే చంకలో పిలక పుడుతుంది. అన్నీ వదిలేస్తే మొక్క అడవిలా అల్లుకుని లోపల గాలి ఆడదు. రెండు లేదా మూడు కొమ్మలు ఉంచుకుని, మిగతా పిలకలను వేలెడు పొడవులో ఉన్నప్పుడే గిల్లేయండి. మరీ ఒక్క కొమ్మే ఉంచి గుండు చేయొద్దు. జులై ఎండకు కాయ మీద నీడ లేకపోతే ఆ పక్క తెల్లబడి కాలిపోతుంది. జూన్ మొదట్లో గిల్లిన మంచి పిలకను గ్లాసు నీళ్లలో పెడితే పది రోజుల్లో వేళ్లు వస్తాయి. ఎవరికైనా ఇవ్వడానికి ఒక మొక్క తయారైనట్టే.

మొక్క మూడడుగులు దాటాక నేలకు అడుగు ఎత్తు వరకు ఆకులన్నీ తీసేయండి. మా వైపు ఏటా తప్పకుండా వచ్చేవి రెండు తెగుళ్లు. అర్లీ బ్లైట్‌లో గోధుమ రంగు మచ్చలో వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. సెప్టోరియాలో ఆకు నిండా చిన్న చిన్న చుక్కలు, మధ్యలో బూడిద రంగు. రెండూ కింది నుంచి పైకి ఎక్కుతాయి. రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో ఒక చుట్టు తిరిగి, మచ్చ ఉన్న ఆకును అప్పటికప్పుడు తుంచి చెత్త సంచిలో వేయండి. కంపోస్ట్‌లో వేయొద్దు. తడి ఆకుల మధ్య చేతులు పెట్టొద్దు, ఆరాకే ముట్టుకోండి. వానలు వదలని ఏడాది రాగి మందును డబ్బా మీద రాసిన మోతాదులో, మచ్చలు ముదరకముందే కొట్టాలి. వచ్చిన మచ్చను అది మాన్పదు, కొత్త ఆకును కాపాడుతుంది.

లేట్ బ్లైట్ వేరే జాతి. నీళ్లు ఊరినట్టున్న ముదురు మచ్చలు, కాండం మీద గోధుమ రంగు చారలు, ఆకు అడుగున తెల్లటి బూజు కనిపిస్తే ఇక బేరాలు లేవు, మొక్కను పీకి సంచిలో కట్టి పారేయండి. 2009 వేసవిలో ఇది నారు మొక్కల ద్వారా ఈశాన్య రాష్ట్రాలంతటా పాకి తోటలకు తోటలు తుడిచిపెట్టింది. బీజాలు గాలిలో మైళ్ల దూరం వెళ్తాయి. మన మొక్క మీద ఆశతో ఉంచుకుంటే పక్క పొలం పోతుంది.

మందు కొట్టాల్సిన పని లేని శత్రువు హార్న్‌వార్మ్. వేలంత లావు, నాలుగంగుళాల దాకా పెరిగే పచ్చ పురుగు ఇది. రాత్రికి రాత్రి కొమ్మ బోడి అయిపోతుంది, పగలు వెతికితే కనబడదు. రాత్రి అతినీలలోహిత టార్చి వేస్తే పురుగు మెరుస్తూ పట్టుబడుతుంది, తీసి సబ్బు నీళ్లలో వేయండి. వీపు మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్లు ఉంటే మాత్రం దాన్ని వదిలేయండి. అవి చిన్న కందిరీగ జాతి గూళ్లు. ఆ పురుగు ఎలాగూ ఇక తినదు, ఆ గూళ్లలోంచి వచ్చేవి మిగతా పురుగుల పని పడతాయి.

పూత, కాపు

పెద్ద రకాల్లో మొదటి పువ్వు తరచుగా రెండు మూడు పువ్వులు అతుక్కున్నట్టు వెడల్పుగా వస్తుంది. దాన్ని వదిలితే మచ్చలు, మడతలతో వికారంగా ఉండే పెద్ద కాయ అవుతుంది. నేను గిల్లేస్తాను.

పగలు 90 డిగ్రీలు దాటి, రాత్రి 75 కంటే తగ్గకపోతే పుప్పొడి పని చేయదు, పూత రాలుతుంది. జులైలో పూత రాలుతుంటే కంగారుపడి ఎరువు వేయకండి. నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పూత ఇంకా తగ్గుతుంది. చల్లబడగానే మళ్లీ నిలుస్తుంది. గాలి లేని రోజుల్లో పొద్దున పది గంటల ప్రాంతంలో పూల గుత్తి వెనక ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఆనించి రెండు క్షణాలు కదిలించండి, పుప్పొడి రాలుతుంది. తేనెటీగలు చేసే పనీ ఇదే.

కోయడం, వండడం

వరలక్ష్మీ వ్రతం నాటికి మొదటి పండ్లు వస్తాయి. పూర్తిగా పండేదాకా మొక్క మీదే ఉంచాలని పట్టుబట్టొద్దు. కాయ అడుగున రంగు తిరగడం మొదలైతే కోసి, వంటింట్లో నీడన తొడిమ వైపు కిందకు పెట్టండి. నాలుగైదు రోజుల్లో పండుతుంది, నాకు రుచిలో తేడా తెలియలేదు. ఉడుతలు, పిడుగు వానలు, పురుగుల బెడద మాత్రం తప్పుతుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 55 డిగ్రీల కంటే చల్లబడితే వాసన పోతుంది, ఇన్ని నెలలు పెంచింది ఆ వాసన కోసమే.

పప్పులోకి, చారులోకి ఇవి మన నాటు టమాటాలంత పుల్లగా ఉండవు, చింతపండు కాస్త పడాల్సిందే. నిల్వ పచ్చడికి అస్సలు వద్దు, నీరు ఎక్కువ. దానికి రోమా రకం వేసుకోండి. వీటిని పచ్చివే తినాలి. మందపాటి ముక్క, ఉప్పు, అంతే. లేదంటే ముక్కలు కోసి పెరుగులో వేసి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టండి. అక్టోబరులో మంచు హెచ్చరిక వచ్చిన సాయంత్రం మిగిలిన పచ్చి కాయలన్నీ కోసేయండి. దీపావళికి పచ్చి టమాటా, నువ్వులు కలిపి నూరిన రోటి పచ్చడి మా ఇంట్లో ఏటా ఉంటుంది.

హైదరాబాదులో మిద్దె మీద ప్రయత్నించాలనుకునేవాళ్లు వేసవి జోలికి వెళ్లొద్దు. ఆగస్టు చివర, సెప్టెంబరులో నారు పోస్తే పూత నవంబరు, డిసెంబరు చలిలో వస్తుంది. అక్కడ పెద్ద బెడద తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్, దానికి ఈ రకాలకు తట్టుకునే శక్తి లేదు. నారు దశ నుంచే సన్నటి నైలాన్ వల కింద పెంచండి. ఒక్కో మొక్కకు కనీసం 40 లీటర్ల మట్టి పట్టే సంచి కావాలి.

గింజ దాచడం

ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద, రకం లక్షణం సరిగ్గా ఉన్న మంచి కాయను ఎంచుకోండి. పెద్ద కాయే కానక్కర్లేదు. టమాటా పువ్వు సాధారణంగా తనలో తానే ఫలదీకరణ చెందుతుంది, కానీ బీఫ్‌స్టీక్ రకాల పెద్ద పువ్వుల్లో కీలాగ్రం (పుప్పొడి అంటుకునే కొన) కొన్నిసార్లు బయటకు పొడుచుకు వస్తుంది, తేనెటీగ పక్క రకం పుప్పొడి తెచ్చి అంటించవచ్చు. అందుకని గింజ కోసం అనుకున్న గుత్తికి పువ్వు విచ్చకముందే పల్చటి వలగుడ్డ సంచి కట్టండి. పేరంటాల్లో పసుపు కుంకుమ పెట్టి ఇచ్చే చిన్న సంచులు దీనికి సరిగ్గా సరిపోతాయి, మన ఇళ్లలో డ్రాయరు నిండా ఉంటాయి. పిందె పడ్డాక సంచి తీసేసి, ఆ కాయకు ఒక దారం గుర్తు కట్టండి.

పూర్తిగా పండాక గింజలను జిగురుతో సహా గాజు గ్లాసులోకి తీసి, రెండు చెంచాల నీళ్లు కలిపి, గుడ్డ కప్పి రెండు మూడు రోజులు పక్కన పెట్టండి. పైన తెట్టు కట్టి పులిసిన వాసన వస్తుంది. జిగురు కరిగి గింజలు అడుగుకు దిగుతాయి. ఇంకా ఉంచితే మొలకెత్తుతాయి. నాలుగైదు సార్లు కడిగి, పైకి తేలే తాలు గింజలను పారబోసి, మిగిలినవి పింగాణీ పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాను గాలికి వారం ఆరబెట్టండి. కాగితం మీద ఆరబెడితే అంటుకుని ఊడిరావు, ఎండలో పెట్టొద్దు. కవరు మీద రకం పేరు, సంవత్సరం రాసి, గాజు సీసాలో వేసి చల్లటి బీరువాలో పెట్టండి. నాలుగైదేళ్లు నిక్షేపంగా మొలుస్తాయి. పాత గింజ మీద అనుమానముంటే ఫిబ్రవరిలో పది గింజలు తడి గుడ్డలో చుట్టి వెచ్చటి చోట ఉంచండి. వారంలో ఆరేడు మొలిస్తే ఉగాదికి ఆ గింజలే వేసుకోవచ్చు.